పన్నెండో బిళ్ళ

డబ్బా మూత తీయగానే
ఫార్మలిన్ కళ్ళలోకి కొడుతుంది.
పర్లేదు. గుంటూరులో
కళ్ళ నీళ్ళకి ఎవరూ కారణం అడగరు.

కటారి ఏసుపాదం, యాభై తొమ్మిది.
పెద్దపేగు, కుడివైపు ముక్క, జానెడున్నర.
లేబుల్ మీద అంతే ఉంది.

మొదట బయాప్సీ కాగితం కోసం వచ్చినప్పుడు
కరెంటు పోయి గంటసేపు
మా కొత్తపేట ల్యాబులో బెంచీ మీద కూర్చున్నాడు.
ఏటుకూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి
రాత్రి కాపలా అన్నాడు.
అది తగలబడిన రాత్రి సంగతి
అడక్కుండానే చెప్పాడు:

"ఆర్పడానికి పేటంతా వచ్చిందమ్మా.
సగం మంది బిందెలతో వచ్చారు.
సగం మంది ఉత్త చేతులతో వచ్చి
టిక్కీలు మోసుకుపోయారు.
పొగలో ఎవరెవరో తెలీలా.
అందరూ దగ్గుతానే ఉన్నారు."

ముందు కొవ్వులో వెతకాలి.
పసుప్పచ్చటి కొవ్వు, వేళ్ళ మధ్య జారిపోయేది.
గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, అలాంటి బిళ్ళలు
పేగు వెంబడీ ఉంటాయి,
కందిపప్పులో రాళ్ళలా చేతికి తగులుతాయి.
కనీసం పన్నెండు చూడాలని లెక్క.
పదకొండు దొరికాయి.
రహమత్ తెచ్చిన టీ మీద మీగడ కట్టింది.
పదకొండు చాలని రాసేవాళ్ళూ ఉన్నారు.
చల్లటి టీ తాగి మళ్ళీ చెయ్యి పెట్టాను.

మూడోరోజుకి
గాజు పలక మీద ఏసుపాదం,
ఉల్లిపొర కన్నా పల్చన,
గులాబీలో, ఊదాలో.
ప్లాను లేకుండా లేపిన మేడల్లా
గడ్డ కణాలు ఒకదాని మీద ఒకటెక్కి.

అంచు దగ్గరికి జరుపుతాను.
ఉన్నారు అక్కడ. వచ్చారు.
చిన్న చిన్న నీలం చుక్కలు, లింఫోసైట్లు,
వందలు,
కొన్ని గడ్డలోకే దూరి
కణాన్ని ఆనుకుని నిలబడ్డాయి.
ఇలా దూరినవాళ్ళు ఎక్కువుంటే
మనిషి ఎక్కువ రోజులుంటాడని
ఇన్నేళ్ళ పలకలు నాకు నేర్పాయి.
ఎప్పుడూ కాదు. చాలాసార్లు.

వాళ్ళ పక్కనే
పొట్టలేసుకుని మాక్రోఫేజ్‌లు.
చెడ్డదాన్ని తినేసి పోవడం వాటి పని.
గడ్డ పంచన నాలుగు రోజులున్నాక
తినడానికి వచ్చింది కాస్తా
వడ్డించడం మొదలెడుతుంది.
కొత్త రక్తనాళాలకి దారి చూపిస్తుంది.
లోపలికి పోయే లింఫోసైట్ భుజమ్మీద చెయ్యేసి
"ఇక్కడేం లేదులే, పద" అంటుంది.
అన్నీ కాదు. కొన్ని.
ఏవి కొన్నో
ఈ రంగుల్లో నాకు తేలదు.

కాలేజీలో మాకు సైనికులని చెప్పారు,
కోట, శత్రువు, యుద్ధమని బొమ్మలేశారు.
సైనికులు కాదు.
పేట జనం.

పదకొండు బిళ్ళలూ శుభ్రం.
పన్నెండోదాంట్లో, ఒక మూల,
ఊదారంగు గుంపు ఒకటి
అద్దెకి దిగినట్టు కూర్చుని ఉంది.
కాసేపు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

రిపోర్టులో అన్నిటికీ గళ్ళున్నాయి:
సైజు, లోతు, అంచులు, బిళ్ళలెన్ని.
ఎవరెవరు వచ్చారో రాయడానికి గడి లేదు.
అడుగున ఒక వాక్యం టైపు చేశాను.
సర్జన్ ఫోన్ చేసి "ఇది అవసరమా మేడమ్?" అన్నాడు.
ఉండనివ్వండి అన్నాను.

కుట్లు విప్పించుకున్నాక ఆయనే వచ్చాడు,
చొక్కా వదులై.
బిళ్ళ సంగతి చెప్పాను, కీమో సంగతి చెప్పాను.
అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టి
ఇదేందమ్మా అన్నాడు.
మీ ఒంట్లోవాళ్ళే, ఆర్పడానికి చాలామంది వచ్చారు అన్నాను.

"బిందెలతోనా, ఉత్త చేతులతోనా?"

రెండు రకాలూ.

చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
"ఆ రాత్రి నేనూ ఒక టిక్కీ మోశానమ్మా.
మా తోడల్లుడి ఇంట్లో పడేసొచ్చి
తెల్లారేదాకా నీళ్ళు మోశా."

రిపోర్టు నాలుగు మడతలేసి
జేబులో పెట్టుకున్నాడు.
మెట్లు దిగుతా దగ్గాడు.