డు పోదు

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి
గెన్నాది మొదట అడిగింది ఇదే:
ఈ నది ఆయనా, ఆవిడా?

పేరు వశిష్ఠ, గడ్డమున్న ఋషిది.
పసుపూ కుంకుమా వేసేటప్పుడు తల్లి.
గట్టు తెగే రాత్రి మాత్రం ఊరంతా ఒకటే మాట,
"అది వచ్చేస్తంది, లెగండి!"

వాళ్ళ భాషలో బల్ల మగాడు.
చెంచా ఆడది, ఉప్పు ఆడది, పడవా ఆడదే.
సముద్రం ఇటూ కాదు అటూ కాదు,
సూర్యుడి సంగతీ అంతే, పాపం.
చెంచా ఎందుకు ఆడదయిందో అడగడం మానెయ్యడానికి
నాకు హైదరాబాదులో రెండేళ్ళు పట్టింది.

ఆ ఏడు మోరి పక్కన గ్యాసు బావి తవ్వుతున్నారు.
ఇనుప గోపురం కింద, డీజిలు వాసనలో నా ఉద్యోగం
ఇటు మాట అటు, అటు మాట ఇటు.

మన "నేను"కి మీసం లేదు, జడా లేదు.
వాళ్ళ "నేను" నిన్నటి సంగతి ఒక్కటి చెప్పిందంటే చాలు
మగో ఆడో ఒప్పుకుని తీరాలి.
ఆడదైతే క్రియ చివర ఒక అకారం.
ఫోర్‌మన్ వీర్రాఘవులు మాటలు మోస్తూ
ఆ అకారాన్ని మింగేసి
పొద్దున్నించి సాయంత్రం దాకా నేను మగాణ్ణి.
చూశాను, బిగించాను, నాకెవరూ చెప్పలేదు,
అన్నీ హల్లు దగ్గర టక్కున ఆగిపోయే క్రియలు.

ఒక రోజు వాల్వు తెరిచి మర్చిపోయాడు.
బురద ఎగజిమ్మి కొబ్బరి మట్టల దాకా అంటింది.
గెన్నాది కేకలేశాడు, "ష్ల్యాపా!"
ష్ల్యాపా అంటే టోపీ.
వాళ్ళకి ధ్యాస లేని మనిషి టోపీ.
టోపీ ఆడది కాబట్టి, ఆ కేక ఉన్నంతసేపూ
వీర్రాఘవులు మీసంతో సహా ఆడది.
ఈ టోపీ మళ్ళీ నిద్రపోయింది,
ఈ టోపీ మన కొంప ముంచింది.

నేనేం చెప్పను?
"నువ్వు టోపీ" అంటే
ఎవరికి పెట్టానంటూ చొక్కా మడుస్తాడు.
గుటక మింగి, "దున్నపోతా అంటున్నాడండీ" అన్నాను.
కుర్రాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు.
ఎందుకు నవ్వడు?
"ఆ దున్నపోతు ఇప్పుడు లేచాడు" అంటాం గానీ
"లేచింది" అంటామా?
కొమ్ములు పెట్టినా, తోక తగిలించినా
మగాడికి డు పోదు.

నన్ను చిలకన్నా, బంగారమన్నా, చదువుల సరస్వతన్నా
వచ్చింది, తిన్నది, పోయింది.
పాకలో గేదెకీ రేవులో పంటుకీ నాకూ
ఒకటే క్రియ, ముగ్గురం సర్దుకుంటాం.
"ముగ్గురం" అనకూడదేమో కూడా.

బురద తుడుచుకుంటూ వీర్రాఘవులు కుర్రాణ్ణి అడిగాడు,
"ఇంకా ఏమంటందిరా అది?"
నన్నో, ఆ భాషనో, మోగుతున్న యంత్రాన్నో.

సాయంత్రం వంట దీవెనమ్మతో కలిసి నడక.
ఆమెకి రోజుకో మాట కావాలి.
"చేప?"
"ఆడది."
"అన్నం?"
"మగాడు."
"ఉడికించేదాన్ని నేను, మగాడేంటమ్మా అది!"
కాస్త దూరం పోయాక,
"మరి మనిషి?"
"అదీ మగే."
ఖాళీ డేగిసా ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.
ఇంకేమీ అడగలేదు.

రేవుకొచ్చేసరికి పంటు తాడు విప్పుతున్నారు.
టిక్కెట్ల కుర్రాడు చెయ్యెత్తి అరిచాడు,
"ఆపండ్రా, వాళ్ళొస్తన్నారు!"

నిన్న నేనొక్కదాన్నే వచ్చినప్పుడు
ఇదే గొంతు, "ఒకటొస్తంది ఆగండ్రా" అంది.
పేరు వెనక గారు తగిలిస్తే తప్ప
ఒక్కత్తి మనిషి కాదు మన వ్యాకరణంలో.
ఇద్దరైతే చాలు,
ఎవరి దయా అక్కర్లేదు.

ఈ మాట దీవెనమ్మకి చెబుదామనుకున్నాను.
పంటు కదిలింది, నరసాపురం దీపాలు ఇంకా వెలగలేదు.
"టిక్కెట్టొకటే తీశావా?" అంది.
"రెండు" అన్నాను.