విరగాల్సిన చోటు

గోనెపట్టా మీద మూడు ఇరుసులు.
గరివిడి ఎండ మూడింటి మీదా ఒకేలా కాస్తోంది.
సన్యాసిరావు గొంతుక్కూచుని
సంబంధం చూడ్డానికొచ్చిన పెద్దమనిషిలా
ఒక్కోదాన్నీ తడిమి చూస్తున్నాడు.

కొలిమి ముందు ముప్పయ్యేళ్ళు నిలబడ్డ మనిషి.
కనుబొమ్మలు ఎప్పుడో కాలి, మళ్ళీ సరిగా మొలవలేదు.
పీఎఫ్ డబ్బులు చేతికొచ్చిన వారమే
ఫ్యాక్టరీ వేలంలో మేనేజరుగారి కాంటెస్సా దక్కించుకున్నాడు.
పొడుగు ముక్కు, నల్లటి ఒళ్ళు,
వెనక సీట్లో ఇంకా ఎవరిదో సిగరెట్టు వాసన.
"ఇన్నాళ్ళూ దీనికి దారిచ్చి పక్కకి తప్పుకున్నాను తవిటమ్మా,
ఇప్పుడిది నన్ను మొయ్యాల."

మొన్న చీపురుపల్లి గేటు దగ్గర
గూడ్సు పోయేదాకా ఆగేడట.
పక్కన బుల్లెట్టు మీద కుర్రాడు బండిని చూసి నవ్వేడట.
గేటు లేవగానే ఈయన కాలు బిగించేడు.
ఠప్పుమంది. అంతే.
పట్టాల మీంచి నలుగురు తోసేరు,
ఆ నలుగురిలో బుల్లెట్టు కుర్రాడొకడు.

తెగిన షాఫ్టు నా లేతు బల్ల మీదే ఉంది.
మెలితిరిగిన చెరుకుగడ.
తెగిన మొహంలో ఒక అంచు నల్లగా, పాతగా;
మిగతాదంతా తళతళా, మొన్నటిది.
ఆ నల్లంచు మేనేజరు రోజులది.
వేలంలో పగులుకి వేరే ధర కట్టలేదు,
బండితో కలిపే ఇచ్చేరు.

మొదటి ఇరుసు అంబాసిడర్‌ది.
నెమ్మదైంది, నాలుగు వేళ్ళు పొట్టిది.
బిగిస్తే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి,
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా.

రెండోది జీపుది.
సాలూరు ఘాటీలో ఏమేం మోసిందో, గొట్టమింకా వంగలేదు.
పినియనుకి ఎనిమిది పళ్ళు, క్రౌనుకి నలభై మూడు.
కొండెక్కమంటే ఎక్కుతుంది.
పరిగెత్తమంటే మాత్రం ఇంజినొక్కటే పరిగెడుతుంది.

మూడోది కటకం నుంచి పార్సిల్ లారీలో దిగింది. కాంటెస్సాదే.
ధర జీపుదానికి రెట్టింపు.
ఒక పన్ను అంచు చెదిరింది,
చేత్తో తిప్పితే చుట్టుకోసారి టిక్కుమంటుంది.

"జీపుదే బిగించీ. ఇరగని ఇరుసు కావాల నాకు."

"ఇరగందేటుంటాది బావూ!
ఇది ఇరక్కపోతే దెబ్బ ముందుకెల్తాది.
గేరుబాక్సు ఇరుగుతాది, అదీ ఆగితే ఇంజిను.
ఏది ఇరగాలో మనమే ఎంచుకోవాల.
చేతికందేది, చవగ్గా దొరికేది
దాన్ని దెబ్బకి అడ్డంగా ఎట్టాల."

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, ఇరుసు వంకే చూస్తూ,
"కొలిమి ముందు మమ్మల్నీ
అలాగే ఎంచి నిలబెట్టేరేటి?"

లేతు ఆపేసేను. ఏం చెప్పను?
నాకు ముందు పుట్టినోళ్ళిద్దరూ దక్కలేదని
మాయమ్మ నన్ను చేటెడు తౌడుకి అమ్మి
మళ్ళీ కొనుక్కుంది. ఆ తౌడే నా పేరు.
చవకదాని జోలికి చావు రాదంట.
బతికేను మరి.
ఆయన పక్కన నిలబడ్డవాళ్ళకి
చవకతనం అలా పనిచెయ్యలేదు.

నాలుగింటి షిఫ్టు సైరన్ కూసింది.
అలవాటుగా లేచి నిలబడ్డాడు,
మళ్ళీ తనకి తనే నవ్వుకుని కూచున్నాడు.
"ఆ కటకందాన్ని ఇంకోపాలి తిప్పు."
తిప్పేను.
టిక్కు.
ఇంకో చుట్టు. టిక్కు.
"ఇదే కానీ. ఇరిగే ముందు మాటన్నా సెప్తాది."

పన్ను మీద సానపెట్టి గరుకు తీసేను, చప్పుడు పూర్తిగా పోలేదు.
పోనియ్యొద్దన్నాడు కూడా.

తెగిన షాఫ్టు ఇంటికి తీసుకుపోతానంటే ఇవ్వలేదు.
మంచి ఉక్కది. నల్లంచు దాకా కోసి పారేస్తే
రెండు సుమ్మెటలొస్తాయి.