పుర్రచెయ్యి వాటం

తల మీద పేరు లేదు.
ఎవరో గరుకు కాగితంతో రుద్దేసి
పడవలకేసే వార్నీషు పూశారు.
"మా తాతదండి. అరవై రెండులో మద్రాసులో కొన్నాడట.
ఏ మోడలో, ఎన్నేళ్ళదో చెబితే
బేరం పెడతాను" అంది కెజియ.

వలంధర రేవు దగ్గర నా కొట్టు.
హార్మోనియంలు, పెళ్ళి బ్యాండు వాళ్ళ సొట్టబూరాలు.
గిటారు ఏడాదికొకటి వస్తే గొప్ప.

ముందు వాసన చూస్తాను.
వజ్రపు బంక. ఫెవికాల్ కాదు.
మరమేకులన్నీ ఒంటిగాటువి.
చీటీ ఉండే చోట నాలుగు జిగురు చుక్కలు,
కాగితాన్ని పురుగు ఎప్పుడో భోంచేసింది.
మెడ మొదట్లో గుద్దిన నంబరులో
మూడంకెలు మిగిలాయి, నాలుగోది అరిగింది.
మూడు కాళ్ళ మంచం మీద ఎవరిని పడుకోబెట్టను?

లోపల పక్కచెక్క మీద బురద గీత:
అదొక్కటే చూడగానే తెలిసింది.
ఎనభై ఆరు వరద.
ఆ గీతకి అన్నగారు మా ఇంటి గోడ మీదున్నాడు.

తీగలానే ఎముక పట్టీ దగ్గర చెయ్యి ఆగింది.
సన్న తీగ గాడి కింద
పూడ్చేసిన లావు గాడి.
మొదట దీన్ని తిరగేసి వాయించారెవరో.
"మీ తాతది పుర్రచెయ్యా?"
"కాదండి."
రేవులో పంటు కూత వేసి కదిలిపోయాక,
"నాయనమ్మది" అంది.

పళ్ళ డాక్టరు అద్దం, టార్చి లోపలికి దించాను.
వెనక చీలికకి అతికించిన కాగితపు పట్టీ.
అద్దంలో తిరగబడ్డ పెన్సిలు అక్షరాలు
కూడబలుక్కుని చదివింది కెజియ:
క్రోషా అంచు పన్నెండు గజాలు
మూడు రూపాయల రెండణాలు.

నయాపైసలొచ్చింది యాభై ఏడులో.
నోటి లెక్కల్లో అణాలు ఆ తర్వాతా బతికాయి,
అందుకే ఒట్టు వెయ్యను.
కానీ మద్రాసులో కొన్న మనిషి ఊరు చేరకముందే
ఇది ఈ ఊళ్ళో పగిలింది, ఈ ఊళ్ళోనే అతుక్కుంది
అనుకుంటాను.

లేసు అల్లే వేళ్ళు
రాత్రి దీపం తగ్గించి
ఏం వాయించేవో
చెక్క చెప్పదు. మూడో మెట్టు దాకా అరిగింది, అంతే.

రసీదులో రాశాను:
మోడలు తెలియదు. వయసు డెబ్బై పైమాటే.
సొంతదారు అన్న గడి ఖాళీగా వదిలాను.

"తీగలు ఎటు వెయ్యమంటావమ్మా?"
"రేపు చెబుతానండి."

పదకొండు రోజులైంది.
ముసురు పట్టింది, చెక్క ఉబ్బుతుంది,
గిటారు పొట్టలో బియ్యం మూట పెట్టాను.
ఆరు తీగలూ చుట్టలోనే ఉన్నాయి.