తొడుక్కునే బండి

ఎక్కుడు కాదు, తొడుక్కునుడు అన్నడు యాకయ్య.
ముందు కుడికాలు, ఎనక ఎడమకాలు,
రెండు చేతులు అంచుకు ఆనించి
బాయిలకు దిగినట్టు మెల్లగ జారాలె.
కోయంబత్తూరు నుంచి లారీల వచ్చిన పాతబండి,
ఎవరో బక్క పిలగాని కొలత.
నాది కాజీపేట లోకోషెడ్డుల
పదేండ్లు పానలు తిప్పిన నడుము.
ఇరుకు కాడ ఇరుకు, సందు కాడ సందు.
మా అత్త కుట్టిన బొంత చింపి
అటింత ఇటింత కుక్కిండు.

పక్క షెడ్డు వెల్డర్ పిలగాడు అడిగిండు:
"గాలిమోటరా ఇది?"
"రెక్కలున్నయ్ గని లేవదు.
భూమిని వదలకుంట ఒత్తి పట్టేతందుకు
గా రెక్కలు."

మూడేండ్ల ఓవర్‌టైమ్, ఎత్తిన చీటీ ఒకటి.
పుస్తెలతాడు అమ్మిన్నని వాడంత అనుకున్నది.
అమ్మింది స్కూటీ.

ఆదివారం ఎనుమాముల యార్డు ఖాళీ.
కోన్లు లేవు.
మిర్చి బస్తాలల్ల ఇసుక నింపి
వంకరటింకర నిలబెట్టినం.
గేరు మార్చితె చాలు, నేల మీది తేజ ఘాటు
హెల్మెట్ల జొరబడి తుమ్ములు.
మొదటి గంటల పదమూడు బస్తాలు గుద్దిన.
యాకయ్య తిట్టలే.
"బస్తాను చూస్తే బస్తాకే పోతవ్.
దాని ఎనక ఖాళీ జాగున్నది, గది చూడు.
ఉరుకుడు ఎవలకైనా వస్తది,
ఆగుడు నేర్వు."

నా రైలింజన్ ఆగాలంటే కిలోమీటరు కావాలె.
ఇది, బ్రేకు తొక్కంగనే
నా పేగులు ముందుకు పోయి నన్ను పిలుస్తయ్.

లైసెన్సు ఫారం మీద సంతకానికి
దవాఖాన డాక్టరు కండ్లద్దాల మీదికెల్లి చూసిండు.
"దేనికమ్మా?"
"రేసుకు సార్."
బీపీ రెండుసార్లు చూసిండు,
నాకు తక్కువే ఉన్నది, ఆయనకే పెరిగినట్టున్నది.

సూట్ మీద ఎర్రదారంతోటి పేరు:
తోకల సారక్క, బి పాజిటివ్.
నా పేరును ఇంత సక్కగ
పెండ్లిపత్రిక గూడ అచ్చెయ్యలే.

శ్రీపెరుంబుదూరు.
పందొమ్మిది బండ్లు, పందొమ్మిదో జాగ నాది.
ముందటి వరుసలల్ల మీసాలు మొలవని పిలగాండ్లు,
ఆఖరి వరుసల నేను, నా బొంత.
ఐదు ఎర్రలైట్లు ఒక్కొక్కటి వెలిగినయ్,
ఒక్కసారే ఆరినయ్.
అందరు పోయిన్రు.
నేను పచ్చలైటు కోసం చూస్తున్న.
పదేండ్ల రైల్వే అలవాటు!
ఈడ పచ్చ ఉండదని
వారం సంది చెప్పుతనే ఉన్నడు యాకయ్య.

మూడో మూల కాడ బొంగరమైన.
బండి ఆగినంక ఆకాశం ఇంకో రెండు చుట్లు తిరిగింది.
మల్ల గేరేసిన.
నీలంజెండా ఊపిన్రు:
ఎనక వేగంగ వస్తున్నరు, జాగియ్యి.
ఇచ్చిన.
అద్దం చూసుకుంట, గీత తప్పకుంట,
భయపడ్డట్టు కనపడకుంట ఇచ్చుడు
ఉరుకుడు కంటె కష్టం.

గళ్లజెండా గెలిచినోనికి ఊపిన చెయ్యే
నాకు గూడ ఊపింది,
జర అలసిపోయి.

"ఇంటిపేరు నిలబెట్టిన" అన్న, బెల్టులు ఇప్పుకుంట.
యాకయ్య నవ్వలే. గడియారం చూపిండు.
మొదటి చుట్టుకు, ఆఖరి చుట్టుకు
తొమ్మిది సెకన్ల తేడా.
గది ఎవలకు తగ్గింది? నాకే తగ్గింది.

సోమవారం పొద్దుటి డ్యూటీ.
మెడ తిరుగుతలేదు,
ఎవలన్న పిలిస్తే మనిషంత తిరుగుతున్న.
మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది.
"గా బొంత ఏదే?"
"సీటుల ఉన్నదత్తా."
"సలికాలమొస్తంది, తే."
"జనవరిల ఇంకో రేసున్నది."
షెడ్డుల ఎవలో సుత్తి కొడుతున్నరు,
ఆ సప్పుడుల ఆమె ఊపిరి వినపడలే.
శానసేపటికి అన్నది:
"ఇంకోటి కుడుత.
ఈసారన్న నీ నడుము కొలత చెప్పు."