రిమార్కుల గడి

సాయంత్రం నాలుగింటికల్లా ఫారం పోవాలి.
జ్వరాలెన్ని, దగ్గులెన్ని,
ఆక్సిజన్ తొంభై నాలుక్కి దిగినవాళ్లెందరు,
ఒంగోలు పంపిందెందర్ని, తిరిగొచ్చిందెందరు.
చివర్న బొటనవేలంత గడి: రిమార్కులు.
అందరం అందులో అడ్డగీత కొట్టేవాళ్లం.
నేనూ కొట్టాను, పదకొండు రోజులు.

పన్నెండోనాడు పడమటి వీధి.
టంగుటూరులో వేలం ఆగిపోయింది.
మాలకొండయ్య ఇంట్లో మంచాలు వేసే చోటంతా
పొగాకు బేళ్లు,
వాటి మీద ఆయన, గోడవైపు తిరిగి.
వేలికి క్లిప్పు పెట్టాను. తొంభై ఎనిమిది.
"బాగుండావు మామా."
"ఆఁ, బాగానే ఉండా" అన్నాడు, గోడతో.
ఆయన భార్య నా వెనకే గడప దాకా వచ్చి
పురుగుమందు డబ్బా నా సంచిలో పెట్టింది.
"నీకాడ ఉంచమ్మా.
వేలం తెరిచినాక ఇద్దువులే."

ఆ రోజు గడిలో చీమ తలకాయంత అక్షరాలతో రాశాను:
డబ్బా నా దగ్గరుంది.

తెల్లారి ఆఫీసు నుంచి ఫోను.
"ఏం డబ్బా? ఎవరిచ్చారు?
స్టాకు రిజిస్టర్లో ఎక్కించావా?"

కర్రలు కట్టొద్దని నేననను.
ఆ వీధికి అడ్డంగా వెదురు కట్టిన చేతులివే.
మా ఆశా వర్కరు అంకమ్మ
నాతో కలిసి ఇల్లిల్లూ తిరిగి
ఒకనాడు తనే అంబులెన్సెక్కింది.
ముఖం చూపించలేదు మాకు.
మర్నాడు ఆ కర్రని
ఇంకో జానెడు ఎత్తున కట్టాను, ఏడుస్తూ, గట్టిగా.
ఆ కర్ర వల్ల ఎందరు బతికారో
నాకు తెలుసు, లెక్కుంది.
దాని వెనక ఎవరేమయ్యారో
అదీ తెలుసు, లెక్క లేదు.

మస్తాన్‌బీకి నెగెటివ్ వచ్చింది.
కోలుకున్నవాళ్ల కింద ఆమె ఒకటి.
ఆ ఒకటి
మట్టి కూడా వేయనివ్వని మొగుడి చెప్పులు
రాత్రంతా కొంగుతో తుడుస్తా కూర్చునుంది.

వేలంలో బేలు తూచినప్పుడు
గోనెపట్టా బరువు తరుగు కింద తీసేస్తారు.
అది న్యాయమే, పట్టాకి ధరేముంది.
మేము ఊరిని తూచాం.
తరుగు కింద ఏం తీసేశామో
పట్టా విప్పి చూసుకోలేదు.

మూసే రోజులు ఎన్నో తేల్చేటప్పుడు
గోడతో మాట్లాడే మనిషిని కూడా
ఒక పళ్లెంలో వేయండి, అంతే నేనడిగేది.
కర్రకి ఆ పక్క బియ్యం సంచి దించినట్టే
రోజూ పావుగంట మనిషి మాట దించండి.
మాస్కుకి పైన కళ్లుంటాయి గదా.
కూర్చుని వినడానికి అవి చాలు.

రెండో విడతకి ముందు కంప్యూటర్లో మీటింగు.
కింది స్థాయి సలహాలు చెప్పమన్నారు,
ఒక్కొక్కరికి ఒక నిమిషం.
నా నిమిషం వచ్చింది.
"సార్, ఆ గడి కొంచెం పెద్దది చేయండి" అన్నాను.
మస్తాన్‌బీ గురించి చెప్పాను. చెప్పులు చెప్పాను.
నిమిషం అయినాక
"అమ్మా, మీ మైకు ఆపేసుంది" అన్నారెవరో.
అప్పటికి తరవాతి మండలం మొదలైంది.

వేలం తెరిచి చాన్నాళ్లయింది.
మాలకొండయ్య మొన్న బజార్లో కనపడి
ఈ ఏడు రేటు గురించి నన్ను నిలబెట్టి మాట్లాడాడు,
ఎండలో, అరగంట.
విన్నాను.

డబ్బా మా బీరువాలోనే ఉంది,
టీకా కార్డుల వెనకాల.
ఆమె అడగలేదు.
నేనూ ఇవ్వలేదు.
ఏ రిజిస్టర్లోనూ ఎక్కించలేదు.