రంపానికి నూనె

భాద్రపదం రాగానే
అటక మీంచి రంపం దించుతాను.
రెండు పిడుల రంపం. అటొకరు, ఇటొకరు ఉండాలి.
కవిటిలో కొన్నాను, బేరమాడకుండా.
కొబ్బరినూనె గుడ్డతో తుడిచి
ఒక్కో పన్నునీ బొటనవేలితో పలకరిస్తాను.

"టీవీలో ఏటీ సెప్పనేదు గదా, అప్పుడే మొదలెట్టీసినావేటి?"
గోడ మీంచి ఫల్గుణరావు నవ్వుతాడు.
నవ్వనీ.
వాళ్ళింట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో
ఆయనకే తెలీదు.

ఆ ఏడు ఆదివారం రాత్రి మొదలైన గాలి
తెల్లారాక ఆగింది.
తలుపు తీస్తే సముద్రం కనబడింది.
కాపురానికొచ్చి పంతొమ్మిదేళ్ళు,
మా గుమ్మంలోంచి ఎప్పుడూ కనబడలేదది.
మధ్యలో తోటలుండేవి.

మర్నాడు మంగళవారం.
మంగళవారం, శుక్రవారం ఆయనకి రక్తం కడిగించే రోజులు.
సోంపేట రోడ్డు మీద పడ్డ మానులు
రెండు వందల దాకా లెక్కపెట్టి మానేశాను.
ఊరందరికీ కలిపి ఉన్నవి కాయలు కొట్టే కత్తులు.
కొబ్బరి మానుకి కత్తి ఆనదు,
పీచులో ఇరుక్కుని
మనిషినే వెనక్కి లాగుతుంది.

ఇంటి చుట్టూ మోకాలి లోతు నీళ్ళు.
ఆయనకి రోజుకి రెండు గ్లాసులే లెక్క.
కాళ్ళు పొంగి, ఊపిరి బరువెక్కి,
మంచం మీద కూర్చుని ఆ నీళ్ళనే చూశాడు
గురువారం దాకా.

శుక్రవారం చీకటితోనే
మంచంతో సహా ఎత్తుకుని, మాను దాటి మాను,
సగం దూరం మోశారు
ఫల్గుణరావు, అతని తమ్ముడు, ఇంకో ఇద్దరు.
బతికాడు.
అది చెప్పాలి. ఆసారికి బతికాడు.

అప్పట్నుంచి నా లెక్కలు నాకున్నాయి.
అగ్గిపెట్టెలు సీసాలో, మూతకి మైనం.
ఆరోగ్యశ్రీ కార్డు, ఆయన రిపోర్టులు
ఎరువు బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిలో.
చేతిపంపుకి రెండు తోలు వాషర్లు, ఎందుకంటే
కరెంటు లేని మోటారు ఉత్త ఇనుము.
అటుకులు. బెల్లం. ఉప్పు.
ఇంటి మీదకి వంగిన చెట్టు
ఎంత కాపు మీదున్నా ముందే కొట్టించాను.
మా అత్త నాతో పదిరోజులు మాట్లాడలేదు.

తలుపు వెనక గోడ మీద బొగ్గుతో పదకొండు పేర్లు.
దున్న లోలాక్షి, సోమ గురు.
తామాడ ఢిల్లేశు, మంగళ శుక్ర.
పైవీధి పకీరు, వారానికి మూడు.
వాయుగుండం అన్న మాట చెవిన పడ్డ రోజే
గడపగడపకీ తిరుగుతాను.
"ఎల్లుండిది రేపే సేయించీసుకోండి,
దారి ఉండగానే."
ఆటో డబ్బులెవలిస్తారని పకీరు పెళ్ళాం కసిరింది.
అదీ నిజమే.
నెలకి ఇరవై చొప్పున డబ్బా ఒకటి పెట్టాం.
పదకొండు వందల నలభై ఉన్నాయి, నిన్నటికి.

మొదటి పేరు చెరపాలి.
రెండేళ్ళ కిందట, మాఘంలో.
గాలి లేదు, వాన లేదు.
రోడ్డు సాఫీగా ఉంది, ఆటో గుమ్మంలోకొచ్చి ఉంది.
అటుకులు అటుకుల దగ్గరే ఉన్నాయి.
ఆయనే లేవలేదు.
మొన్న గోడకి సున్నం వేస్తూ
ఆ పేరు చుట్టూ వేశాను.

రంపానికి అటువైపు మనిషి కావాలి.
ఢిల్లేశు కూతురు హేమసుందరి, తొమ్మిదో తరగతి,
జడ పైకి ముడేసుకుని వచ్చింది.
పెరట్లో పాత మొద్దు మీద నేర్పుతున్నాను.
"నెట్టకే గుంటా. లాగడమొక్కటే నీ పని.
నువ్వు లాగినప్పుడు నాను వదుల్తాను,
నాను లాగినప్పుడు నువ్వు."
ఇరుక్కుంది. తిట్టుకుంది.
మళ్ళీ పట్టింది.

గోడ అవతల ఫల్గుణరావు
ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో.
"ఆ సివర పళ్ళు మొద్దుబారినాయి,
ఆకురాయి తెస్తానుండు" అంటూ వెళ్ళాడు.
ఇంకా రాలేదు. ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నట్టున్నాడు.
మేం లాగుతూనే ఉన్నాం,
పొట్టు తడితడిగా
ఇద్దరి పాదాల మీదా పడుతోంది.