గది, గడి

ఉగ్గాని గిన్నె మూత ఇంకా తియ్యలేదు,
గంగరత్న బిడ్డను చంకనేసుకోని వచ్చింది.
ఏడేండ్ల పిల్ల, చంకలో పట్టదు.
కాళ్లు నా గడపకు తగుల్తాండాయి.
"అక్కా, రాత్రంతా పిల్లికూతలే" అంది.
మోక్షిత రొమ్ములో ఊపిరి
గీరుకుంటా పోయే చప్పుడు
నాకూ వినపడతాంది.

నేను ఈ వార్డు ఆశాను.
రాయదుర్గం కోట కింది సందుల్లో
ఎవరికెన్నో నెలో నా చేతిరాతలోనే ఉంటాది.
ఎనిమిదేండ్ల కిందటి రిజిస్టరు బీరువా అడుగున దొరికింది.
అట్ట మీద నీలం వేలిముద్ర. సిరా కాదు.

గంగరత్న. రెండో కాన్పు.
రక్తం తొమ్మిది. బరువు నలభై మూడు.
సూదులు రెండూ వేసినాము.
ఐరన్ మాత్రలు ఇచ్చినాము,
మింగిందా లేదా అనే గడి లేదు.
యాడ పని చేస్తాంది, గడి లేదు.
ఏ గాలి పీలుస్తాంది,
లేదు.

రేకుల షెడ్డు. జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరించే పని.
తొడల కాడ అరిగినట్ల తెల్లగ కనపడాలని
ఊదారంగు మందు చిమ్మే మిషను పక్కనే.
కొత్త గుడ్డను పాతగ చేసేకి అంత మందు!
కిటికీ ఒకటి ఉండె, దానికీ మూటలు అడ్డం పెట్టింటిరి.
సాయంత్రం ముక్కు చీదితే కొంగు నీలం.
"చూడక్కా, నా ముక్కులో కృష్ణుడు పుట్టినాడు" అనేది.
నేనూ నవ్వింటి.

ఆరో నెలలో గ్రహణం వచ్చింది.
అత్త తిప్పక్క తలుపులేసి
సందులన్నిట్లో గోనెపట్టలు కుక్కి
కత్తెర ముట్టద్దు, కాయ కోయద్దు, గోక్కోవద్దు,
కదలకుండా పండుకో అని
మూడు గంటలు కావలి కాసింది.
మొర్రి రాలేదు బిడ్డకు.
ఆ మాట తిప్పక్క ఇప్పటికీ చెప్పుకుంటాది.

మర్నాడు ఎనిమిదికంతా
కోడలి చేతికి కత్తెరిచ్చి షెడ్డుకు పంపింది తనే.
తప్పు ఆమెదంటానా?
వారానికి తొమ్మిది నూర్లు.
నేను మాత్రం ఏం చేస్తి?
"ఆకుకూర తిను, బరువులెత్తద్దు" అని చెప్పి
ఆ షెడ్డు ముందర నుంచే నడిచిపోతి,
నా ముక్కుకు కొంగడ్డం పెట్టుకోని.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
చీటీ వెనకాల ఊపిరితిత్తులు గీసి చూపిచ్చింది,
తలకిందల చెట్టు మాదిరి.
"ఈ కొమ్మలు మొలిచేది కడుపులోనేనమ్మా.
తల్లి పీల్చింది బిడ్డ దాకా పోతుంది.
ఈ పిల్లకు అందువల్లే అని రాసివ్వలేను.
కాదనీ రాసివ్వలేను."
గంగరత్న ఒకటే అడిగింది,
"నేను చేసుకున్న పాపమా మేడం?"
"కాదు."
ఆ ఒక్క మాటను
బస్సులో కళ్యాణదుర్గం దాకా
కొంగుముడిలో చిల్లర మాదిరి తడుముకుంటానే ఉండె.

ఇప్పుడు మోక్షిత నా గడప మీద కూర్చోని
పంపు నోట్లో పెట్టుకోని, ఊపిరి బిగబట్టి
పది దాకా వేళ్లు మడుస్తాంది.
పంపు కూడా నీలమే.
ఎవరు ఎంచినారో ఆ రంగు.

ఆ షెడ్డులో ఈ పొద్దు ఖాసింబీ కోడలు గుల్జార్ ఉంది.
ఐదో నెల.
నిన్న పోయి సేటును అడిగితిని,
ఆయమ్మను మిషను కాడ నుంచి మార్చయ్యా,
మూటలన్నా తియ్యి అని.
"నువ్వు సూదులేసుకో పోమ్మా" అన్నాడు.
అని, ఎందుకో మళ్లీ,
ఒక మూట కాలితో జరిపినాడు.
బెత్తెడు వెల్తురు పడింది నేల మీద,
దాంట్లో ఎగురుతాండాది నీలం నూగు.
అంతసేపూ అది నాకు కనపడనే లేదు.

ఇంటికొచ్చి కొత్త రిజిస్టరు తీసి
బరువు గడి పక్కన స్కేలు పెట్టి
ఒక గీత గీసినా.
పైన ఏం రాయాల్నో తెలీక చానాసేపు కూర్చుంటి.
"గాలి" అని రాసినా.
గుల్జార్ పేరుకు నేరుగా, "షెడ్డు. మందు. కిటికీ బెత్తెడు."

సూపర్వైజరమ్మ చూస్తే కొట్టేస్తాదేమో.
పెన్నుతోనే రాసినా.